బాతుకీ గ్యారంటీ

1996లో, బోధన్ పట్టణంలో, ఇంకా పెట్టని గుడ్డుకు గ్యారంటీ ఇచ్చిన ఒకే ఒక్క దాణా దుకాణం మాది. అప్పట్లో రేడియోకు ఏడాది గ్యారంటీ ఇచ్చేవాళ్లు, గొడుగుకు ఒక వానాకాలం ఇచ్చేవాళ్లు. గుడ్డుకు ఇవ్వాలన్న ఆలోచన జిల్లాలో ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది. ఎవరి సలహా తీసుకోలేదు, ఎవరితోనూ చర్చించలేదు. అంతటి తెలివైన పని మళ్లీ నా జీవితంలో చేయలేదు, చేయనివ్వలేదు కూడా.

నేను నిజామాబాద్ కిరాణా వాళ్ల బిడ్డను. అక్షరాలు దిద్దకముందే బేరం నేర్చుకున్నాను. పెళ్లయి బోధన్ వచ్చాక అత్తగారి దాణా దుకాణంలో గల్లా పెట్టె నా చేతికి వచ్చింది. మా ఆయన ఊళ్లు తిరిగి తౌడు, నూకలు, నూనె తీయగా మిగిలిన పల్లి చెక్క కొనుక్కొచ్చేవారు, నేను అమ్మేదాన్ని. దాణాలో ముఖ్యంగా మూడు రకాలు. కోడిపిల్లకు వేసేది ‘స్టార్టర్’, ఎదిగే వయసులో వేసేది ‘గ్రోయర్’, గుడ్లు మొదలుపెట్టాక వేసేది ‘లేయర్’. అప్పటికి నా చదువంతా ఇంతే. బస్తా మీద కోడి బొమ్మ ఉండేది కాబట్టి అంతకు మించి ప్రశ్నలు కూడా ఎవరూ అడిగేవారు కాదు.

ఎదురు దుకాణం మల్లేశం బస్తాకొక ప్లాస్టిక్ మగ్గు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను బకెట్ ఇస్తే లాభం పోతుంది, గ్లాసు ఇస్తే పరువు పోతుంది. బాగా ఆలోచించి పెయింటర్‌ను పిలిపించి బోర్డు రాయించాను: ‘మా దాణా తింటే ఆరు నెలల్లో గుడ్డు గ్యారంటీ. లేకుంటే పైసలు వాపస్.’ పెరటి కోడిపెట్ట ఏం తిన్నా ఆరు నెలల్లో ఎలాగూ గుడ్డు పెడుతుంది. కోడి చేసే పనికి నేను పేరు తెచ్చుకోవడానికి దమ్మిడీ ఖర్చు లేదు. మల్లేశం ఆ బోర్డు చదివి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ నాకు అన్నం ఎంత రుచించిందో చెప్పలేను.

యాసంగి కోతలు అయిపోతున్న రోజులవి. నేను తౌడు లారీ అతనితో బేరంలో మునిగి ఉన్నాను. అతను ఒక మెట్టు దిగాడు, నేను ఒక మెట్టు ఎక్కాలి, మెడ మీద చెమట. సరిగ్గా అప్పుడు మెట్ల కింద నుంచి జుబేదా బీ కేక వేసింది. ఆమె మా వెనక గల్లీలో ఉంటుంది, బీడీలు చుడుతుంది, నా కన్నా పదేళ్లు పెద్దది, నేను ఆపా అని పిలుస్తాను.

“సరోజమ్మా! బాతుకీ గ్యారంటీయేనా?”

ఇక్కడే నా పుట్టింటి గొప్పతనం నన్ను ముంచింది. నిజామాబాద్ బజారులో పెరిగినదాన్ని, ఉర్దూ నాకు నోటి నిండా వచ్చు. జుబేదా బీ నోటి నుంచి వస్తే అది ఉర్దూయే అయి ఉంటుందని నా చెవి ముందే తీర్మానించుకుంది. ‘బాత్ కీ గ్యారంటీ’ అని విన్నాను. బాత్ అంటే మాట. బోర్డు మీద రాసిన మాటకు గ్యారంటీ ఉందా, లేక ఉత్త రాతేనా అని అడుగుతోంది అనుకున్నాను. తౌడు లారీ అతని ముందు నా మాటను శంకిస్తుందా! గల్లా పెట్టె మీద గుద్ది చెప్పాను.

“పక్కా గ్యారంటీ ఆపా! మా ఖాందాన్‌ల బాత్ అంటే బాత్!”

“అట్లయితే చాలు” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆమె అచ్చ తెలుగులో బాతు గురించి, బాతుకు కూడా గ్యారంటీ వర్తిస్తుందా అని అడిగిందని నాకేం తెలుసు.

మర్నాడు వచ్చి “పిల్లల దాణా” అడిగితే స్టార్టర్ బస్తా ఇచ్చాను. ఏ పిల్లలని అడగలేదు. బస్తా అమ్ముడుపోయేటప్పుడు దుకాణదారుకు సందేహాలు రావు.

నెల తిరిగింది. ఒక పొద్దున జుబేదా బీ వెదురు బుట్ట తెచ్చి నా గల్లా మీద పెట్టి గుడ్డ తీసింది. లోపల పసుపు పచ్చటి నూగు పోయి గోధుమ రంగు ఈకలు వస్తున్న ఒక బాతుపిల్ల. నన్ను చూసి లేవబోయింది. కాళ్లు విల్లులా వంగి పక్కకు జారిపోయి పొట్ట మీద పడింది. మళ్లీ లేవబోయింది, మళ్లీ పడింది.

“ఇదేంది ఆపా?”

“ఏంది ఏందీ? బాతు. నడుస్తలేదు. ఇంకా నాలుగైదు గిట్లనే కూసున్నయి. ఏం దాణా ఇచ్చినవు నువ్వు?”

“నేను కోళ్లకు ఇచ్చిన. బాతులకు ఎప్పుడిచ్చిన?”

“గల్లా గుద్ది మరీ చెప్పినవు గదా! బాతుకీ గ్యారంటీయేనా అన్న, పక్కా అన్నవు. నువ్వు బాత్ ఇచ్చినవనే నేను బాతులు తెచ్చిన!”

రెండు భాషలూ నా తలలో ఒకదానికొకటి గుద్దుకున్నాయి. తర్వాత నవ్వు ఆగలేదు. జుబేదా బీకి విషయం చెప్పాను. ఆమె కూడా బుట్ట పట్టుకుని నవ్వి నవ్వి చివరకు దగ్గులో పడింది. ఆ దగ్గు ఆగేసరికి నవ్వాలనిపించలేదు.

“గీ దగ్గు కోసమే తెచ్చిన సరోజా” అంది కళ్లు తుడుచుకుంటూ. “చిన్నప్పటి నుంచి బీడీలే. ఇంట్ల ఏడ సూసినా తంబాకు దుమ్ము. బేకరీ ఆయన బాతు గుడ్లు తెస్తే ఎన్నైనా తీస్కుంట అన్నడు. కేకులకు మంచిగ పొంగుతయంట. గుడ్లు వస్తె బీడీలు సగం చేస్త. అల్లా దయుంటె మొత్తమే బంద్ చేస్త.”

చందూర్ వైపు కోసిన మడుల్లో బాతుల మందలు మేపుకుంటూ వచ్చినవాళ్ల దగ్గర బీడీ డబ్బుతో ఆమె డజను పిల్లల్ని కొన్నది. నా గుద్దును నమ్మి కొన్నది. ఆ పిల్లలు లేవకపోతే ఆమె ఇంట్లోంచి తంబాకు పోదు. గ్యారంటీ అంటే పైసలు వాపస్ అని రాసుకున్నాను కానీ ఇలాంటిది ఒకటి దాని వెనక కూర్చుని ఉంటుందని ఊహించలేదు.

అయినా దుకాణదారు బుద్ధి ఎక్కడికి పోతుంది? తప్పు ముందు కస్టమర్ ఇంట్లో వెతకాలి. ఆమె పెరడు చూడటానికి వెళ్లాను.

“ఆపా, తంబాకు ఏమన్న తిన్నయేమో? అది వాటికి విషమే గదా.”

“తంబాకు డబ్బాల పెట్టి మూత పెడ్త. పెరడు రోజూ నా కొడుకు మొఖం లెక్క తుడుస్త. నీ దుకాణమే తుడువ్ ముందు, ఎలుకలు తిరుగుతున్నయి.”

నిజమే, పెరడు అద్దంలా ఉంది. కానీ మేత మాత్రం పొడి పిండి పళ్లెంలో, నీళ్లు చిన్న మూకుడులో. ఒక పిల్ల పిండి నోట్లో వేసుకుని గుటక పడక మెడ చాపి తిప్పలు పడుతూ, మూకుడు దగ్గరికి పాక్కుంటూ పోయి ముక్కు ముంచుతోంది. కోళ్లు ఇలా చేయవు కదా అనుకున్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

మా వైపు ఎద్దు నీరసపడితే దాణాలో మొలాసిస్ కలుపుతారు. చెరకు నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి, చిక్కటి, తియ్యటి మడ్డి అది. ఎద్దును లేపేది బాతుపిల్లను లేపదా! ఒక డబ్బా మొలాసిస్‌ను సగం ధరకు బేరమాడి తెచ్చి పిండిలో కలిపించాను. బాతులు ఆత్రంగా తిన్నాయి. మర్నాటికి జుబేదా బీ అద్దంలాంటి పెరడు ఎలా అయిందో రాయడం భావ్యం కాదు. ఆమె చీపురు పట్టుకునే దుకాణానికి వచ్చింది.

“సరోజా, నా బాతులు కాళ్ల మీద లేస్తలేవు గాని, నేను మాత్రం పొద్దటి సంది కూసుంటలేను! తుడుసుడే తుడుసుడు!”

ఎదురుగా మల్లేశం చెవులు ఇటే పెట్టి మగ్గులు లెక్కపెడుతున్నాడు.

ఇక లాభం లేదని మర్నాడు బుట్టలో ఆ మొదటి పిల్లను పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. ఇంటి పని, దుకాణం పని మా ఆయనకు అప్పగించాను. నడవలేకపోయినా తల మాత్రం రాణిలా పైకెత్తి చూస్తుందని ఆ పిల్లకు జుబేదా బీ ‘దొరసాని’ అని పేరు పెట్టింది. కండక్టర్ టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. బుట్టలోంచి ‘పీక్’ అని వినబడింది.

“అమ్మా, కోడికి టికెట్ పడ్తది.”

“కోడి గాదు, బాతు.”

“బాతుకీ పడ్తది.”

ఆ మాట బస్సులో కూడా నన్ను వదల్లేదు. “ఐదేండ్ల లోపు పిల్లలకు ఫ్రీ గదా అన్నా. దీనికి ఐదు వారాలు” అన్నాను.

“మనుషుల పిల్లలకు ఫ్రీ.”

“మనిషి అయితే సీటు అడుగుతది. ఇది నా ఒళ్లోనే కూసుంది.”

పక్క సీట్లో తలపాగా చుట్టుకున్న మరాఠీ పెద్దాయన బుట్టలోకి తొంగి చూసి “బదక్?” అన్నాడు. అవునన్నాను. జుబేదా బీ ఇంట్లో బతఖ్, బస్సులో బదక్, నా దగ్గర బాతు. ఇన్ని పేర్లున్నా ఒక్క పేరుతోనైనా దాన్ని సరిగ్గా వినలేకపోయాను. పెద్దాయన కండక్టర్‌తో ఏదో అన్నాడు, బస్సంతా నవ్వింది. చివరకు లగేజీ కింద సగం టికెట్‌కు ఒప్పందం కుదిరింది. దొరసాని ఆ టికెట్‌ను నా చేతిలోంచి లాగి నమలబోయింది.

పశువుల దవాఖానలో డాక్టర్ గారు దొరసాని కాళ్లు పట్టి చూశారు. కీళ్ల దగ్గర కొంచెం ఉబ్బు ఉందన్నారు.

“ఏం పెడుతున్నారమ్మా?”

“స్టార్టర్ సార్. దుకాణపామె ఇచ్చింది.”

దుకాణపామె నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. లాభం లేని చోట నిజం చెప్పడం నాకు అలవాటు లేదు.

“అది కోడిపిల్లల దాణా. ఇది కోడా?”

“కాదు సార్.”

“ఆమె అడగలేదా, ఏ పిల్లలకు అని?”

“అడగలేదు సార్. కొంచెం తిక్క మనిషి.”

“మరి ఈ జిగట ఏమిటి?”

“మొలాసిస్ సార్. అది కూడ ఆమెనే చెప్పింది.”

డాక్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఓపికగా చెప్పారు. బాతుపిల్లకు ‘నయాసిన్’ అనే విటమిన్ కోడిపిల్ల కన్నా చాలా ఎక్కువ కావాలి. కోడి దాణాలో ఉన్నది దానికి చాలదు, అందుకే కాళ్లు వంగుతాయి. ముందుగా పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటాయి. నీళ్లలో బీకాంప్లెక్స్, మేతలో ఎండు ఈస్టు పొడి కలపాలి. నేను బేకరీలో ఈస్టు చవకగా దొరుకుతుందని లెక్కేస్తుంటే, నా ముఖం చూసి, “పిండి పొంగించే ఈస్టు కాదమ్మా, అది కడుపులో పొంగుతుంది. మందుల దుకాణంలో అడగండి” అన్నారు. పొడి పిండి వేయకూడదు, తడిపి ముద్దగా పెట్టాలి. పక్కనే లోతైన నీళ్లుండాలి. బాతు తల మొత్తం ముంచి ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోవాలి. గోధుమ పొట్టు కొంచెం కలపండి, పురుగులు, నత్తలు, నీటి పాచి దొరికితే అంతకన్నా మేలు. కోడిపిల్లల రోగాలకని మందు కలిపిన దాణా బాతులకు అడక్కుండా వేయొద్దు. చివరగా వేలు చూపించి చెప్పారు: పల్లి చెక్క బూజు పట్టినది మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు, కోడి తట్టుకున్నా బాతు తట్టుకోదు.

మా గోడౌన్‌లో వెనక మూల, వాన తడిసిందని సగం ధరకు కొన్న పల్లి చెక్క బస్తాలు గుర్తొచ్చాయి. దేవుడి దయవల్ల అవి అప్పటిదాకా ఎవరికీ అమ్మలేదు.

లేచి వస్తుంటే డాక్టర్ గారు అన్నారు: “ఆ దుకాణపామెను ఒకసారి నా దగ్గరకు పంపండి. రెండు మాటలు చెప్పాలి.”

గడప దాకా వెళ్లాను. దాటలేకపోయాను. వెనక్కి తిరిగి, “వచ్చింది సార్. చెప్పండి” అన్నాను.

ఆయన ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక కుర్చీ వెనక్కి వాలి నవ్వారు. ఆ రెండు మాటలు అరగంట సాగాయి. నేను చేసిన చదువుల్లో ఎక్కువ పనికొచ్చిన అరగంట అది.

ఇంటికొచ్చి ముందు ఆ బూజు చెక్కను గుంట తవ్వి పూడ్పించాను. తర్వాత జుబేదా బీ పెరట్లోకి మా పాత ఇనుప గంగాళం మోయించాను. తడి ముద్ద, బీకాంప్లెక్స్, ఈస్టు పొడి. మొదటి రెండు మూడు రోజులు ఏమీ కనబడలేదు. జుబేదా బీ పొద్దున్నే నా దుకాణం ముందు నుంచి పోతూ తల అడ్డంగా ఊపేది, అంటే ఇంకా లేవలేదని. నేను తూకం వేస్తూనే తల దించుకునేదాన్ని. ఒకరోజు తల ఊపలేదు. రోడ్డు మీద నిలబడి, కొంగు నడుముకు చెక్కి, రెండు కాళ్లూ ఎడం చేసి, బాతులా ఊగుతూ నాలుగడుగులు నడిచి చూపించింది. మల్లేశం చేతిలో మగ్గు జారిపోయింది.

“లేసినయి?” అని అరిచాను.

“లేసినయి! నడుస్తున్నయి! దొరసాని కొంచెం వంకర, గాని నడుస్తుంది!”

వానలు పడ్డాక సాయంత్రాలు వాటిని కాలువ గట్టుకు తోలేది. నత్తలు ఏరుకుని, పాచి తిని, కడుపులు ఊపుకుంటూ గల్లీ మధ్య నుంచి వరసగా వచ్చేవి. అన్నిటికన్నా వెనక వంకర కాళ్లతో దొరసాని. మేత ఖర్చు సగం తగ్గింది. దాణా అమ్ముకునేదాన్ని, అది చూసి ఏడవాలి. కానీ ఆ ఊరేగింపు కోసం నేను రోజూ గల్లా వదిలి గడపలోకి వచ్చేదాన్ని.

దసరా దగ్గర పడింది, అంటే నా గ్యారంటీ గడువు దగ్గర పడింది. గుడ్డు జాడ లేదు. కాళ్ల జబ్బుతో పోయిన వారాలు ఎక్కడో అక్కడ తేలాలి కదా. పైగా గొంతులు మారాక తేలింది, నాలుగు మగవి. గట్టిగా అరిచేవి ఆడవి, బొంగురుగా గొణిగేవి మగవి. అంటే నేను నాలుగు మగ బాతుల గుడ్లకు కూడా గ్యారంటీ ఇచ్చాను.

“ఇప్పుడే లేయర్ దాణా ఎయ్యి, తొందరగ పెడ్తయేమో” అని జుబేదా బీ తొందరపెట్టింది. పాత సరోజ అయితే బస్తా చేతిలో పెట్టేది. లేయర్‌లో గుడ్డు పెంకు కోసం సున్నం ఎక్కువ కలుపుతారు, గుడ్లకు రాని పిట్టకు అది మేలు కన్నా కీడే చేస్తుంది. “గుడ్డు కనబడినంక ఏద్దాం. అప్పటిదాక ఆగు ఆపా” అన్నాను. అమ్మగలిగిన బస్తాను అమ్మొద్దని చెప్పడం మా వంశంలో అదే మొదటిసారి.

దసరా వచ్చింది, పోయింది. గడువు దాటింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకోవడానికి వచ్చిన వాళ్లందరూ “గుడ్డు అయిందా?” అనే అడిగారు. మల్లేశం అయితే రెండుసార్లు వచ్చాడు.

దీపావళి ఇంకా రాలేదు. ఒక పొద్దున షట్టర్ ఎత్తుతుంటే జుబేదా బీ రెండు అరచేతులూ దొన్నెలా పట్టుకుని వచ్చింది. తెరిచింది. లేత నీలం నీడ ఉన్న తెల్లటి పెద్ద గుడ్డు, ఇంకా వెచ్చగా. ఆమె దాన్ని నా చెంపకు ఆనించింది.

తర్వాత నేను గల్లా తీశాను.

“ఏం చేస్తున్నవ్?”

“గడువు దాటింది ఆపా. పైసలు వాపస్. బోర్డు మీద రాసిన.”

“పిచ్చిలేసిందా? గుడ్డు వచ్చింది గదా! నాకొద్దు.”

“తొమ్మిది వందలు. తీస్కో.”

“ఒక్క పైసా తీస్కోను.”

“బాత్ అంటే బాత్. ఎనిమిది వందలు తీస్కో.”

“యాభై. అదీ నీ మొఖం సూసి.”

“యాభైకి నా పరువు వస్తదా? ఏడు వందలు. ఇంక దిగ.”

“నూరు. ఇంక ఎక్క.”

ఆమె లేచి వెళ్లిపోతున్నట్టు నటించింది, నేను కొంగు పట్టి లాగాను. నా జీవితంలో అన్ని బేరాలు ఆడాను కానీ ఇచ్చేవాళ్లు ఎక్కువ చెప్పి తీసుకునేవాళ్లు తక్కువ చెప్పే బేరం అదొక్కటే. ఎదురు నుంచి మల్లేశం ఇద్దరికీ మతి పోయిందని రోడ్డు దాటి వచ్చి, మధ్యవర్తిగా, “తొమ్మిది వందల్ల సగం సగం జేస్కోండ్రి” అన్నాడు. అలా కుదిరింది. పోతూ పోతూ అతను గుడ్డును ఒకసారి పట్టుకు చూస్తానని అడిగాడు.

ఆ చలికాలం జుబేదా బీ సగం బీడీలే చుట్టింది. మరుసటి ఏడాది తంబాకు డబ్బాలో గోధుమ పొట్టు పోసుకుంది. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది. దొరసాని అందరికన్నా ఆఖర్న గుడ్లు మొదలుపెట్టింది.

నాకు దక్కిన విద్య చిన్నదే: ‘పిల్లల దాణా’ అడిగినవాళ్లను ‘ఏ పిల్లలు’ అని అడిగాకే బస్తా దింపాలి. ఇప్పటికీ అలాగే అడుగుతున్నాను.

ఇక బిల్లు, ఉన్నది ఉన్నట్టుగా. బూజు పల్లి చెక్క నా సొంత పాపం, దాన్ని ఇందులో కలపలేదు. దాణా సొమ్ము వాపస్, నాలుగు వందల యాభై. మొలాసిస్ డబ్బా, బేరమాడి ఇరవై. బీకాంప్లెక్స్, ఈస్టు పొడి, అరవై ఐదు. బస్సు, నాకు రానుపోను పదహారు, దొరసానికి ఎనిమిది. జుబేదా బీ బాతులను చూసి ఆ ఏడాది బాతు దాణా కోసం వచ్చిన కొత్త గిరాకీ మీద మిగిలింది ఐదు వందల నలభై. అంటే ఇక్కడి వరకు నష్టం పందొమ్మిది రూపాయలు. దానికి తోడు, బోర్డు మీద ఒక్క మాట కొత్తగా రాసినందుకు పెయింటర్‌కు పది. రెండు భాషల్లోనూ చెల్లే మాట కాబట్టి అతనితో బేరమాడలేదు:

‘బాతుకీ.’